కీబోర్డు రీమ్యాపింగ్ సాఫ్ట్‌వేర్లు: తెలుగు టైపింగులో వాటి హద్దులు

కీబోర్డు మీద కీ నొక్కితే కంప్యూటరుకు చేరేది అక్షరం కాదు, ఒక సంఖ్య. యూఎస్‌బీ ప్రమాణం ప్రకారం ఇంగ్లీషు 'ఎ' ముద్రించి ఉన్న కీ సంఖ్య 4. ఆ సంఖ్య తెరమీద ఇంగ్లీషు అక్షరం కావాలా, ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో ఓత్వం కావాలా, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్టీఎస్ పద్ధతిలో 'అ' కావాలా అన్నది ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒకదానిపై ఒకటిగా ఉన్న పొరలు తేలుస్తాయి. ఆ పొరల్లో ఏదో ఒకచోట చేరి, వచ్చిన సంఖ్యను గానీ దానివల్ల పుట్టే అక్షరాన్ని గానీ మార్చే ప్రోగ్రాములనే రీమ్యాపింగ్ సాఫ్ట్‌వేర్లు అంటారు. ఇంగ్లీషు మాత్రమే టైపు చేసేవాళ్ళకు ఇది సౌకర్యం. క్యాప్స్‌లాక్‌ను కంట్రోల్‌గా మార్చుకోవడం, పాడైన కీ పనిని పక్క కీకి అప్పగించడం వంటివాటితో వాళ్ళ అవసరం తీరిపోతుంది. తెలుగు టైపు చేసేవాళ్ళకు మాత్రం ఈ మార్పిడి లేకుండా మొదటి అక్షరమే రాదు. అందుకే ఈ సాఫ్ట్‌వేర్ల లోపాలు మనకు ముందుగా, గట్టిగా తగులుతాయి. వాటిని ఒక్కొక్క ప్రోగ్రాము తప్పుగా లెక్కగట్టడం పరిపాటి. నిజానికి వాటిలో అధికభాగం ఆ ప్రోగ్రాము కూర్చున్న పొరవల్ల వచ్చినవి. హార్డ్‌వేరుకు దగ్గరగా ఉన్న పొర అన్నిచోట్లా పనిచేస్తుంది, కానీ దానికి అక్షరం తెలియదు. అక్షరం తెలిసిన పై పొర అన్నిచోట్లకూ చేరలేదు. విండోస్, లినక్స్, మ్యాక్, ఫోన్లు అన్నింటిలోనూ కథ ఇదే.

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి ఊళ్ళలో ఇది బతుకుతెరువుకు సంబంధించిన విషయం. పెళ్ళిపత్రిక, ఫ్లెక్సీ, కరపత్రం, తహసీల్దారుకు అర్జీ, రిజిస్ట్రేషన్ దస్తావేజు, ఏది కావాలన్నా జనం వెళ్ళేది డీటీపీ సెంటరుకే. అక్కడ పనిచేసేవాళ్ళ వేళ్ళకు అలవాటైన లేఅవుట్ ఒకటే ఉండదు. అను సాఫ్ట్‌వేరులో 'ఆపిల్' అని పిలిచే లేఅవుట్ నేర్చుకున్నవాళ్ళు ఒకరు, మాడ్యులర్ నేర్చుకున్నవాళ్ళు మరొకరు. సాంకేతిక విద్యా మండలి నిర్వహించే తెలుగు టైపురైటింగు లోయర్, హయ్యర్ పరీక్షలు రాసి వచ్చినవాళ్ళకు టైపుమిషను వరస తప్ప మరొకటి పొసగదు. కొత్తగా వచ్చిన కుర్రవాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు కొడతారు. ఒకే కంప్యూటరు ముందు పూటకొకరు కూర్చుంటారు గనుక లేఅవుట్‌ను క్షణాల్లో మార్చగల సాఫ్ట్‌వేరు తప్పనిసరి. కడప జిల్లాలో ఉర్దూ మాట్లాడేవాళ్ళు కూడా గణనీయంగా ఉన్నారు గనుక తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ, హిందీ నాలుగూ ఒకే దుకాణంలో అవసరపడటం వింతేమీ కాదు.

హైదరాబాదుకు చెందిన అను గ్రాఫిక్స్ తయారుచేసిన అను స్క్రిప్ట్ మేనేజర్ తెలుగు డీటీపీకి దశాబ్దాలుగా ఆధారం. అది రెండు పనులు చేస్తుంది. నొక్కిన కీని దారిలోనే పట్టుకుని, తన ఫాంటులో ఆ అక్షరపు ముక్క ఏ స్థానంలో ఉందో ఆ స్థానపు సంఖ్యను పేజ్‌మేకర్‌కో, కోరల్‌డ్రాకో, ఫొటోషాప్‌కో పంపుతుంది. ఆ ముక్కను తెలుగు ఆకారంగా చూపడం ఫాంటు పని. ఎనిమిది బిట్ల ఫాంటులో ఉండేవి 256 స్థానాలే. 36 హల్లులకు గుణింతాలు వేసుకుంటేనే 400 దాటిపోతాయి, వత్తులు ఇంకా మిగిలే ఉంటాయి. అందుకే అక్షరాన్ని తలకట్టు, కొమ్ము, వత్తు అంటూ ముక్కలు చేసి, ఏ ముక్క ఎప్పుడు పడాలో స్క్రిప్ట్ మేనేజరే నిర్ణయిస్తుంది. యూనికోడ్ తెలియని పేజ్‌మేకర్‌లో ఇంత అందమైన తెలుగు రాబట్టిన ఈ ఏర్పాటు గొప్పదనాన్ని తక్కువచేయలేం. దాని ధర మాత్రం ఫైలులో మిగిలిపోతుంది. ఆ ఫైలులో ఉన్నవి తెలుగు అక్షరాలు కావు. ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. 'కడప' అని వెతికితే దొరకదు. కీని మార్చే సాఫ్ట్‌వేరూ, ఆకారాన్ని చూపే ఫాంటూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి గనుక ఒకటి మూలపడితే రెండోదానికి విలువ లేదు.

యూనికోడ్ ఈ అతుకును విడదీసింది. ఆకారం సంగతి ఫాంటు చూసుకుంటుంది, కీబోర్డు వైపునుంచి అసలు అక్షరాల సంఖ్యలు వస్తే చాలు. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల పరిధి ఉంది. 'లక్ష్మి'లో 'క్ష్మి' చూడండి. కంటికి ఒకే అక్షరం. లోపల మాత్రం క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అనే ఆరు సంఖ్యల వరస. కాబట్టి తెలుగుకు సరిపడే కీబోర్డు సాఫ్ట్‌వేరుకు మూడు శక్తులు కావాలి. ఒక కీకి ఒకటికి మించిన సంఖ్యలు పంపగలగాలి. అంతకుముందు ఏమి పడిందో చూడగలగాలి. అవసరమైతే ముందుపడినదాన్ని వెనక్కు తీసుకోగలగాలి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతిలో 'కె' కీ నొక్కగానే 'క్' పడుతుంది, తరవాత 'ఎ' కీ నొక్కితే పొల్లు పోయి 'క' మిగలాలి. ఒక కీకి బదులు మరొక కీ అనే సూటి మార్పిడిలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌లలోని ప్రతి రీమ్యాపింగ్ ఏర్పాటునూ ఈ మూడు శక్తులతో కొలిచి చూస్తేనే దాని హద్దు ఎక్కడుందో తెలుస్తుంది.

విండోస్‌లో అట్టడుగున ఉన్నది రిజిస్ట్రీలోని 'స్కాన్‌కోడ్ మ్యాప్'. షార్ప్‌కీస్ వంటి ఉచిత ప్రోగ్రాములు రాసేది ఈ పట్టికనే. ఇది సిస్టమ్ గుండెలో ఉంటుంది గనుక లాగిన్ తెరమీద కూడా పనిచేస్తుంది, వెనక ఏ ప్రోగ్రామూ నడుస్తూ ఉండనక్కర్లేదు. కానీ ఒక కీకి ఒక కీ మాత్రమే. మార్చాలంటే అడ్మినిస్ట్రేటర్ హక్కు కావాలి, కంప్యూటరు తిరిగి మొదలుపెట్టాలి. మార్పు ఆ కంప్యూటరు వాడే అందరికీ, తగిలించిన అన్ని కీబోర్డులకూ వర్తిస్తుంది. పూటకొకరు కూర్చునే దుకాణంలో ఇది ఎందుకూ కొరగాదు. పాడైన కీకి తాత్కాలిక చికిత్సగా మాత్రమే పనికొస్తుంది.

దానిపైన ఉన్నది లేఅవుట్ పొర. విండోస్ ప్రతి లేఅవుట్‌నూ ఒక చిన్న డీఎల్‌ఎల్ ఫైలుగా ఉంచుతుంది. సొంతంగా తయారు చేసుకోవాలంటే మైక్రోసాఫ్ట్ ఇచ్చిన కీబోర్డ్ లేఅవుట్ క్రియేటర్ ఉంది. దాని 1.4 ప్రతి 2007 నాటిది, తరవాత పెద్ద మార్పేమీ లేదు. ఈ పొరకు అక్షరం తెలుసు, ఒక కీకి ఒకటికి మించిన సంఖ్యలూ ఇవ్వగలదు. అయితే ఆ క్రియేటర్‌లో గరిష్ఠం నాలుగు. 'క్ష'కు మూడు చాలు గనుక పడుతుంది. 'క్ష్మ'కు ఐదు కావాలి గనుక ఒక కీకి ఇవ్వలేం. డెడ్ కీ అనే ఏర్పాటుతో రెండు కీల జతకు ఒక ఫలితం ఇవ్వవచ్చు గానీ ఆ ఫలితం ఒక్క సంఖ్యగానే ఉండాలి, పైగా మొదటి కీ నొక్కినప్పుడు తెరమీద ఏమీ కనిపించదు. ఇక ముందుపడినదాన్ని చూడటం, వెనక్కు తీసుకోవడం ఈ పొరకు బొత్తిగా చేతకావు. ఇన్‌స్క్రిప్టు హాయిగా ఇమిడే చోట ఆర్టీఎస్ ఇమడకపోవడానికి కారణం ఇదే. ఇన్‌స్క్రిప్టులో ప్రతి కీ దేనికదే స్వతంత్రం, పొల్లుకు కూడా 'డి' స్థానంలో సొంత కీ ఉంది. అందువల్ల దానికి వెనక్కు చూసే అవసరమే రాదు.

వెనక్కు చూడాలనుకున్న ప్రోగ్రాములు విండోస్‌లో ఎంచుకున్న దారి 'హుక్'. ప్రతి కీ నొక్కునూ అప్లికేషనుకు చేరేలోపు పట్టుకుని, మింగేసి, బదులుగా మరొకటి పంపడం. 2003లో మొదలైన ఆటోహాట్‌కీ, మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్‌లోని కీబోర్డ్ మేనేజర్ ఈ తరగతివి. డీటీపీ ఆపరేటర్లకు రోజూ ఎదురయ్యే చిక్కుల్లో చాలావరకు పుట్టేది ఇక్కడే. విస్టా నుంచి విండోస్ ఒక కట్టుబాటు పెట్టింది: తక్కువ హక్కులతో నడిచే ప్రోగ్రాము ఎక్కువ హక్కులతో నడిచే కిటికీకి కీలు పంపలేదు. పేజ్‌మేకర్‌ను 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్'గా తెరిచి, కీబోర్డు సాఫ్ట్‌వేరును మామూలుగా తెరిస్తే తెలుగు పడక ఇంగ్లీషు పడేది అందుకే. రెండింటినీ అడ్మినిస్ట్రేటర్‌గా తెరవమనే చిట్కా పనిచేస్తుంది, పనిచేయడానికి కారణం కూడా ఈ కట్టుబాటే. ఇంకో చిక్కు 64 బిట్లది. హుక్‌లలో ఒక పాత రకం అప్లికేషను లోపలికే దూరి పనిచేస్తుంది. 32 బిట్ల డీఎల్‌ఎల్ 64 బిట్ల ప్రోగ్రాములోకి దూరలేదు గనుక పాత సాఫ్ట్‌వేరు పాత ఫొటోషాప్‌లో పలికి కొత్త ఫొటోషాప్‌లో పలకదు. మరో రకం హుక్‌కు ఈ ఇబ్బంది లేదు గానీ దానికి గడువు ఉంది. జవాబు ఆలస్యమవుతూ ఉంటే విండోస్ 7 నుంచి సిస్టమ్ ఆ హుక్‌ను చడీచప్పుడు లేకుండా తొలగిస్తుంది, తొలగించినట్టు ఆ ప్రోగ్రాముకు కూడా తెలియదు. పెద్ద ఫ్లెక్సీ డిజైను తెరిచి కంప్యూటరు బరువెక్కినప్పుడు ఉన్నట్టుండి తెలుగు ఆగిపోవడానికి ఇదొక కారణం కావచ్చు. విండోస్, ఎల్ కీల జత, కంట్రోల్-ఆల్ట్-డిలీట్ వంటివి సిస్టమ్ తనకే ఉంచుకుంది, ఏ హుక్కూ వాటిని ముట్టలేదు. ల్యాప్‌టాపుల్లోని ఎఫ్‌ఎన్ కీ సాధారణంగా కీబోర్డు లోపలే పని ముగించుకుంటుంది, బయటికి సంఖ్యే రాదు.

ఇవన్నీ దాటినా హుక్‌కు ఇంకో బలహీనత ఉంది. అది నడిచేది ఊహమీద. 'క్'లోని పొల్లు తీసెయ్యాలంటే అది చేయగలిగింది ఒక్క బ్యాక్‌స్పేస్ పంపడమే. ఆ బ్యాక్‌స్పేస్‌కు ఒక అప్లికేషను పొల్లునొక్కదాన్నే చెరుపుతుంది, 'క' నిలుస్తుంది. మరో అప్లికేషను 'క్'ను విడదీయరాని అక్షరంగా లెక్కగట్టి మొత్తం చెరుపుతుంది, అక్కడ హల్లు మాయమై వట్టి ఖాళీ మిగులుతుంది. టైపు చేసే మనిషి మధ్యలో మౌసుతో కర్సరును వేరేచోటికి కదిపితే హుక్‌కు ఆ సంగతే తెలియదు, పాత పదం జ్ఞాపకంతో కొత్తచోట అక్షరాన్ని చెరిపేస్తుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లో దూరపు కంప్యూటరుమీద పనిచేసేటప్పుడు ఆ తప్పులు ఇంకా పెరుగుతాయి. అక్షరం తెలిసీ ఆ అక్షరం ఉన్న చోటు తెలియకపోవడమే ఈ పద్ధతి ముఖ్యమైన లోపం.

ఆ చోటు తెలిసేలా విండోస్‌లో అధికారికంగా ఉన్న దారి టెక్స్ట్ సర్వీసెస్ ఫ్రేమ్‌వర్క్. ఇందులో అప్లికేషనూ, ఇన్‌పుట్ ప్రోగ్రామూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. కర్సరు ముందు ఏముందో అడిగి తెలుసుకోవచ్చు, ఖరారు కాని పదాన్ని గీతగీసి చూపి తరవాత మార్చవచ్చు. 2019 మే నవీకరణతో విండోస్ 10లోకి వచ్చిన తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఈ దారినే వచ్చింది. అదే నవీకరణ మొత్తం పది భారతీయ భాషలకు ఆ వసతి ఇచ్చింది. మూడు శక్తులూ ఇక్కడ దొరుకుతాయి. లోటు ఎదుటివైపు ఉంది. మాట్లాడుకోవడానికి అప్లికేషను కూడా ఒప్పుకోవాలి. యూనికోడే తెలియని పేజ్‌మేకర్‌కు ఈ సంభాషణ అర్థం కాదు. ఇన్‌డిజైన్‌లో తెలుగు సరిగా కుదరడం 2012 నాటి సీఎస్6లో వరల్డ్ రెడీ కంపోజర్ వచ్చాకే మొదలైంది. అందుకే పాత ప్రోగ్రాములనే నమ్ముకున్న దుకాణానికి మంచి దారి తలుపు మూసే ఉంది.

లినక్స్‌లో పొరలు ఇంకా స్పష్టంగా వేరువేరుగా కనిపిస్తాయి. ఎక్స్11లో లేఅవుట్ వ్యవహారం ఎక్స్‌కేబీ చూస్తుంది. తెలుగుకు ఇన్‌స్క్రిప్టుతో పాటు కగప, సరళ లేఅవుట్‌లూ అందులో ఉన్నాయి. కానీ ఆచరణలో అది ఒక నొక్కుకు ఒకే సంఖ్యను ఇస్తుంది గనుక ఒక కీతో 'క్ష' రాదు. ఇన్‌స్క్రిప్టు అంకెల వరసలో షిఫ్టుతో వచ్చే సంయుక్తాక్షరాలకు అక్కడ ఈ ఇబ్బంది. ఒకేసారి నాలుగు లేఅవుట్‌లకు మించి పెట్టుకోలేం. తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ, హిందీ పెట్టుకున్న దుకాణంలో ఆ నాలుగూ నిండిపోయినట్టే, టైపుమిషను వరసకు ఐదో చోటు లేదు. ఎక్స్11 కీ సంఖ్యలు 255తో ఆగిపోతాయి, కొత్త కీబోర్డుల మీది కొన్ని ప్రత్యేక కీలు దానికి కనిపించనే కనిపించవు. వెనక్కు చూసే పని ఐబస్, ఎఫ్‌సీఐటీఎక్స్ వంటి ఇన్‌పుట్ పద్ధతులది. వాటికి పట్టికలు అందించే ఎం17ఎన్ సేకరణలో తెలుగుకు ఇన్‌స్క్రిప్టు, ఆర్టీఎస్, పోతన, ఆపిల్ పద్ధతుల పట్టికలు మామూలు పాఠ్య ఫైళ్ళుగా ఉన్నాయి. ఎవరైనా తెరిచి చదవవచ్చు, దిద్దుకోవచ్చు. నా దృష్టిలో ఇది తెలుగు టైపింగుకు జరిగిన మంచి పనుల్లో ఒకటి, దీని గురించి మన ఊళ్ళలో జరిగిన ప్రచారం బహు తక్కువ.

ఉబుంటు 2021లో ఎక్స్11కు బదులు వేలాండ్‌ను అప్రమేయంగా పెట్టినప్పటినుంచి మరో మార్పు వచ్చింది. వేలాండ్‌లో ఒక అప్లికేషనుకు వెళ్ళే కీలు మరో అప్లికేషనుకు కనబడవు. ఎక్స్‌మోడ్‌మ్యాప్ వంటి పాత పనిముట్లు ఆ వాతావరణంలో పనిచేయవు. వాటికి బదులు కీడీ, కేమోనాడ్ వంటివి కెర్నల్ దగ్గరే కీలను పట్టుకుని, ఒక మాయా కీబోర్డు సృష్టించి దానిద్వారా పంపుతాయి. వాటికి సాధారణంగా రూట్ హక్కు కావాలి. అన్నిచోట్లా పనిచేస్తాయి, ఏ కీబోర్డు నుంచి వచ్చిందో కూడా గుర్తిస్తాయి. కానీ అవి పంపేది మళ్ళీ కీ సంఖ్యలే, తెలుగు 'క'కు కీ సంఖ్య లేదు. పైన తెలుగు లేఅవుట్ ఒకటి ఉంటే తప్ప వాటివల్ల తెలుగు రాదు. కిందికి దిగేకొద్దీ చేరిక పెరుగుతుంది, అక్షరజ్ఞానం తరుగుతుంది అన్న మాటకు ఇంతకంటే తేటైన ఉదాహరణ దొరకదు.

మ్యాక్‌లో లేఅవుట్ పొర విండోస్ కంటే ఉదారంగా ఉంది. ఎస్‌ఐఎల్ సంస్థ ఉకెలెలే ప్రోగ్రాముతో తయారుచేసే లేఅవుట్ ఫైలులో ఒక నొక్కుకు 20 సంఖ్యల దాకా పంపవచ్చు, 'క్ష్మి' ఒక్క కీకి ఇమిడిపోతుంది. ముందు నొక్కిన కీని గుర్తుపెట్టుకునే దశలూ ఉన్నాయి. అయితే అవి గుర్తుపెట్టుకునేది కీనే, తెరమీద పడిన అక్షరాన్ని కాదు. కీ స్థాయి మార్పిడికి హెచ్ఐడీయుటిల్ ఉంది, రీస్టార్టు చేస్తే ఆ అమరిక పోతుంది. 2016లో సియెరా ప్రతి వచ్చినప్పుడు లోపలి నిర్మాణం మారి, బాగా వాడుకలో ఉన్న రీమ్యాపింగ్ ప్రోగ్రాము కారబినర్ పనిచేయకుండా పోయింది. దాన్ని కారబినర్ ఎలిమెంట్స్‌గా మళ్ళీ మొదటినుంచి రాయాల్సివచ్చింది. 2019 నాటి కాటలీనా నుంచి కీలను గమనించే ప్రతి ప్రోగ్రాముకూ వాడుకరి విడిగా అనుమతి ఇవ్వాలి. పాస్‌వర్డు గడిలో తెలుగు వంటి లిపుల ఇన్‌పుట్‌ను సిస్టమే ఆపేస్తుంది.

ఫోన్ల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. తెరమీది కీబోర్డు ఇన్‌పుట్ పద్ధతి పొరలోనే పుట్టింది గనుక తెలుగుకు అక్కడ పెద్ద లోటు లేదు. ఐఫోన్‌లో 2014లో ఐఓఎస్ 8తో బయటివాళ్ళ కీబోర్డులకు చోటిచ్చారు, పాస్‌వర్డు గడుల్లో మాత్రం సిస్టమ్ కీబోర్డే వస్తుంది. విడి కీబోర్డు తగిలిస్తే కథ మారుతుంది. ఐప్యాడ్‌లో బయటి కీబోర్డు యాప్‌కు ఆ నొక్కులు చేరవు. ఆండ్రాయిడ్‌లో యాప్‌ద్వారా విడి కీబోర్డు లేఅవుట్ ఇవ్వవచ్చు గానీ అది ఒక కీకి ఒక అక్షరం దగ్గరే ఆగుతుంది.

ఇంకా కిందికి, కీబోర్డు లోపలి చిప్పులోకే దిగినవాళ్ళూ ఉన్నారు. క్యూఎంకే అనే ఉచిత ఫర్మ్‌వేరుతో కీబోర్డునే తిరగరాస్తే మార్పు బయాస్ తెరలో కూడా పనిచేస్తుంది, ఏ సిస్టమ్‌కు తగిలించినా వెంట వస్తుంది. కానీ యూఎస్‌బీ కీబోర్డు భాషలో యూనికోడ్ అక్షరం అనే మాటే లేదు. 'క' కావాలంటే లినక్స్‌లో కంట్రోల్, షిఫ్టు, యు నొక్కి 0సి15 కొట్టినట్టు, మ్యాక్‌లో ఆప్షన్ పట్టుకుని అదే సంఖ్య కొట్టినట్టు నటించాలి. విండోస్‌లో దానికి సహాయక ప్రోగ్రాము కావాలి. అన్ని సిస్టమ్‌లకూ ఒకటే అనుకున్న పరిష్కారం తెలుగు దగ్గరకు రాగానే మళ్ళీ సిస్టమ్‌కొక తీరుగా చీలిపోయింది.

ఈ హద్దులను పరీక్షించడానికి కడప ప్రాంతపు శాసనాలకంటే మంచి గీటురాయి లేదు. తెలుగులో దొరికిన తొలి శాసనంగా పండితులు చెప్పే కలమళ్ళ శాసనం ప్రొద్దుటూరుకు దగ్గరలోని ఎఱ్ఱగుంట్ల మండలంలోది, సుమారు క్రీ.శ. 575 నాటిది, అప్పట్లో రేనాడు అన్న ఈ ప్రాంతాన్ని ఏలిన రేనాటి చోడుడు ధనంజయుడిది. రేనాటి శాసనాల్లో శకటరేఫం 'ఱ' ఉంటుంది, నేటి వాడుకలో లేని 'ఴ' కూడా ఉంటుంది. 'ఱ' అన్ని ప్రధాన లేఅవుట్‌లలోనూ ఉంది, ఇన్‌స్క్రిప్టులో 'ర' కీకి షిఫ్టు చాలు. 'ఴ'కు యూనికోడ్‌లో స్థానం దొరికింది 2014లో, 7.0 ప్రతిలో. అంతకుముందే గట్టిపడిన లేఅవుట్‌లలో దానికి కీ ఎలా ఉంటుంది? బ్రౌను తన 1852 నాటి నిఘంటువులో వేరుచేసి చూపిన దంత్య చకార జకారాలకు 'ౘ', 'ౙ' గుర్తులు 2008లో, నకార పొల్లు 2021లో యూనికోడ్‌లో చేరాయి. జమ్మలమడుగు పరిసరాల శాసనాలను ఎవరైనా పుస్తకంగా వేయదలిస్తే డీటీపీ ఆపరేటరు ముందు రెండు దారులుంటాయి. అను వంటి ఫాంటులో ఆ ఆకారం లేకపోతే బొమ్మగా గీసి అతికించాలి. యూనికోడ్ దారిలోనైతే లేఅవుట్ పట్టికలో ఒక్క వరస చేర్చుకుంటే చాలు, దాన్ని చూపగల ఫాంటు ఉండాలి. ఆ ఒక్క వరస చేర్చే హక్కు ఆపరేటరుకు ఉందా అన్నదే ప్రశ్న. ఎం17ఎన్ పట్టికలో ఉంది, ఉకెలెలేలో ఉంది, విండోస్ క్రియేటర్‌లోనూ ఉంది. మూసిన సాఫ్ట్‌వేరులో, దాన్ని తయారుచేసినవాళ్ళు తలచుకుంటే తప్ప లేదు. రీమ్యాపింగ్ పరిమితుల చర్చలో ఈ హక్కు విషయం తరచూ మరుగున పడుతుంది. నాకు అన్నిటికంటే పెద్ద పరిమితిగా కనిపించేది ఇదే.

ఈ చర్చకు వచ్చే మొదటి అభ్యంతరం, ఇప్పుడు అందరూ ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతోనో, నోటిమాటతోనో తెలుగు రాస్తున్నారు గదా, లేఅవుట్‌ల గొడవ ఎందుకు అని. సందేశం పంపడానికి ఆ దారి చాలు. రోజంతా టైపు చేసి పొట్టపోసుకునేవాళ్ళకు వేగం, ఖచ్చితత్వం ముఖ్యం. దస్తావేజులో సర్వే నంబరు పక్కన హద్దుదారు ఇంటిపేరు ఊహించి దిద్దే కీబోర్డు ఉపకారం చేయదు, అపకారమే చేస్తుంది. ఇంటిపేర్లు, ఊరి పేర్లు నిఘంటువుల్లో ఉండవు. పైగా ఆ ఊహించే కీబోర్డులు తయారుచేసిన సంస్థ ఇష్టం ఉన్నన్నాళ్ళే ఉంటాయి. విండోస్‌కు విడిగా ఇచ్చిన గూగుల్ ఇన్‌పుట్ టూల్స్‌ను గూగుల్ నిలిపివేశాక దానికి అలవాటుపడినవాళ్ళు మళ్ళీ వెతుక్కోవలసి వచ్చింది.

రెండో అభ్యంతరం బలమైనది. ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్టు అన్ని సిస్టమ్‌లలో ఉంది, 1980ల చివరి నుంచి ఉంది, భారతీయ ప్రమాణాల సంస్థ 2016లో విస్తరించిన రూపాన్నీ ఐఎస్ 16350గా ప్రకటించింది. వెనక్కు చూసే అవసరం లేనిది గనుక అట్టడుగు పొరల్లోనూ ఇముడుతుంది. అందరూ దాన్నే నేర్చుకుంటే ఈ చిక్కులన్నీ తీరవా? కొత్తగా నేర్చుకునేవాళ్ళ విషయంలో ఈ వాదన ఒప్పుకోదగ్గదే, బడుల్లో మొదటినుంచి ఇన్‌స్క్రిప్టు నేర్పడం నిస్సందేహంగా మేలు. కానీ ఇరవై ఏళ్ళు ఒక వరసకు అలవాటుపడిన వేళ్ళను మార్చుకోమంటే ఆ నెలల్లో తగ్గే ఆదాయం ఎవరు భరిస్తారు? లేఅవుట్ మనిషి సంపాదించుకున్న నైపుణ్యం. సాఫ్ట్‌వేరు మారినా అది చెల్లుబాటు కావాలి. ఇన్‌స్క్రిప్టుకు ఉన్న బలం దాని అమరికలో కొంత ఉంటే, అది బహిరంగంగా రాసి ఉన్న ప్రమాణం కావడంలో ఎక్కువ ఉంది. ఆ గుణాన్ని ఆపిల్‌కూ, మాడ్యులర్‌కూ, టైపుమిషను వరసకూ కూడా ఇవ్వవచ్చు.

సిస్టమ్‌ల భద్రతా కట్టుబాట్లు అనవసరమైన అడ్డంకులనే ఫిర్యాదును మాత్రం అంగీకరించలేం. ప్రతి నొక్కునూ పట్టుకోగల ప్రోగ్రాము పాస్‌వర్డునూ పట్టుకోగలదు. తెలుగు కోసం పెట్టిన హుక్కూ, దొంగతనం కోసం పెట్టిన హుక్కూ సిస్టమ్‌కు ఒకేలా కనబడతాయి. ఎక్కడినుంచో దించుకున్న పగలగొట్టిన కాపీని అడ్మినిస్ట్రేటర్ హక్కులతో నడిపే దుకాణంలోనే ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు కూడా టైపు అవుతున్నాయి. వేలాండ్ గానీ కాటలీనా గానీ వేసిన ఆంక్షలు తెలుగుకు వ్యతిరేకమైనవి కావు, తప్పు పొరలో కూర్చున్న తెలుగు సాఫ్ట్‌వేరు వాటికి తగిలిందంతే.

పొర మారితే ఎంతవరకు కుదురుతుందో కీమ్యాన్ చూపించింది. 1993లో లావో భాష కోసం మొదలై, 2015లో ఎస్‌ఐఎల్ చేతికి వచ్చి, తరవాత ఉచితంగా మారిన ఈ ప్రోగ్రాములో లేఅవుట్‌ను ఒకసారి నియమాలుగా రాస్తే విండోస్, మ్యాక్, లినక్స్, ఆండ్రాయిడ్, ఐఓఎస్‌లలో నడుస్తుంది. ముందున్న అక్షరాన్ని చూసి మార్చే నియమాలు దాని ప్రాణం. ముందున్నది చెప్పని అప్లికేషనులో అది కూడా ఊహమీదే ఆధారపడాలి, ఆ హద్దు దానికీ ఉంది. యూనికోడ్ సంస్థ 2024లో తన భాషా సమాచార భాండారం సీఎల్‌డీఆర్ 45తో పాటు కీబోర్డులను వర్ణించే ఉమ్మడి ప్రమాణాన్ని స్థిరపరచింది. అది వేళ్ళూనుకుంటే లేఅవుట్‌ను సిస్టమ్‌కొకసారి రాసే అవసరం తప్పుతుంది.

కాబట్టి ప్రొద్దుటూరులో గానీ పులివెందులలో గానీ కొత్తగా దుకాణం పెట్టేవాళ్ళు యూనికోడ్ తెలిసిన డిజైను ప్రోగ్రాముతో, ఇన్‌పుట్ పద్ధతి పొరలో పనిచేసే కీబోర్డుతో మొదలుపెట్టాలి. పాత దుకాణాలవాళ్ళు అను ఫైళ్ళను యూనికోడ్‌కు మార్చి ఒక ప్రతి దాచుకోవాలి, మార్పిడి ప్రోగ్రాములు ఉన్నాయి, మార్చాక ఒకసారి చదివి సరిచూసుకోవాలి. ఇక మిగిలింది లేఅవుట్ పట్టికలను బహిరంగంగా రాసిపెట్టే పని. అందుకు కావలసిన ఆపరేటర్ల అనుభవం ఈ ఊళ్ళలోనే ఉంది, రాయగల విద్యార్థులు పులివెందుల జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాలలో, కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో ఉన్నారు. ఒక చదువు సంవత్సరపు ప్రాజెక్టుకు మించని ఈ పనిని ఆ రెండు సంస్థలూ చేపట్టాలని కోరుతున్నాను.